మొదటి బాస్కెట్ పడేదాకా

నోట్లో మేకులు ఉన్నంతసేపే ఆమె మాట్లాడకుండా ఉంటుంది.

సోఫాలూ కుర్చీలూ కుట్టడం ఆమె పని. రెక్సిన్‌ని చెక్క మీదికి బిగలాగి ఎడమచేత్తో పట్టుకుంటుంది. కుడిచేతిలో సుత్తి. దాని ఒక కొస అయస్కాంతం. గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదాల మీదికి తోస్తుంది. సుత్తి అక్కడికి తెస్తే మేకు దానికి అతుక్కుంటుంది. తర్వాత ఒకే దెబ్బ. చూసేవాళ్ళకి భయం వేస్తుంది. ఆమె ఇంతవరకు ఒక్క మేకూ మింగలేదు. వీధిలో అందరూ ఆమెని మేకులమ్మ అంటారు. మొదట్లో చాటుగా అనేవారు. ఇప్పుడు ఎదురుగానే అంటున్నారు, ఆమె పలుకుతోంది.

ఆ రోజు ఒకాయన తన సోఫా కోసం వచ్చాడు.

“అయిందా అమ్మా మాది?”

ఆమె మేకులన్నీ డబ్బా మూతలోకి ఉమ్మింది. మాట పొడుగ్గా ఉండబోతోందని దాని అర్థం. లోపల స్పాంజి కోస్తున్న భర్తకి ఆ చప్పుడు తెలుసు. ఆయన కత్తి ఆపి, వచ్చినాయన మీద కాస్త జాలిపడి, మళ్ళీ కోయడం మొదలుపెట్టాడు.

“నిన్న ఆట చూశారా మీరు?”

“ఏ ఆట?”

“ఏ ఆటేమిటండీ! కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్. మనూళ్ళో చూడదగ్గది ఇంకేం ఉంది? కూర్చోండి, చెబుతాను.”

కూర్చోవడానికి అక్కడ ఏమీ లేదు. ఉన్న కుర్చీలన్నిటికీ స్ప్రింగులు బయటికొచ్చి ఉన్నాయి. ఆయన నిలబడే విన్నాడు.

“సీజన్ మొదట్లో వరసపెట్టి గెలిచారు. పొరుగూరి వాళ్ళని వాళ్ళ హాల్లోనే మట్టి కరిపించారు. తర్వాత ఒక్కటంటే ఒక్క ఆట ఓడారు. ఓడితే ఏమవుతుంది, ఆకాశం విరిగి మీద పడుతుందా? మన కోచ్ మహానుభావుడి మీద పడిందట. మర్నాటి నుంచి పిచ్చుకని తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టాడు. పిచ్చుక అంటే ఎవరో తెలుసా?”

“తెలీదమ్మా.”

“ఇంతే ఉంటుంది,” అని తన గుండెల దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. “పోయినేడాది మన పాయింట్లలో సగం ఆ పిల్లవే. అలాంటి పిల్ల ఇప్పుడు తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని అందరికీ నీళ్ళ సీసాలు అందిస్తోంది. మనం ఓడుతున్నాం. అదే పనిగా ఓడుతున్నాం. ఆయనేమో చేతులు కట్టుకుని చూస్తుంటాడు. లెక్క చేసిన పద్ధతి సరైనదేనట, జవాబే తప్పొచ్చిందట, అలా ఉంటుంది ఆ మొహం.”

కోచ్ అదే కాలేజీలో లెక్కల మాస్టారు.

“పాపం,” అన్నాడు వచ్చినాయన. ఎవరి గురించి అన్నాడో ఆయనకే తెలియదు. “మరి సోఫా?”

“సోఫాకేం తొందర? అది ఎక్కడికీ పోదు. సీజన్ పోతోంది.”

ఈ పిచ్చి ఆమెకి పట్టి చాలా ఏళ్ళయింది. ఒకసారి ఆటగాళ్ళ బెంచీకి కొత్త రెక్సిన్ వేయడానికి కాలేజీ హాలుకి వెళ్ళింది. పని పొద్దున్నే అయిపోయింది. ఆమె మాత్రం సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయింది. అమ్మాయిలు ప్రాక్టీసు చేస్తున్నారు. “ఇటు! ఇటు!” అని ఒకరినొకరు గొంతు చించుకుని పిలుచుకుంటున్నారు. ఆడపిల్లలు అంత గట్టిగా అరవడం ఆమె వినడం అదే మొదలు. ఆమె పుట్టింట్లో ఆడపిల్ల గట్టిగా నవ్వితే ముందు వీధి తలుపు వేసేవారు, తర్వాత తిట్టేవారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి భర్తతో, “మన ఊళ్ళో ఇదొకటి ఉందని నాకెవరూ చెప్పలేదేం?” అని దెబ్బలాడింది. ఆ తర్వాత సొంత హాల్లో జరిగే ఆట ఒక్కటీ వదల్లేదు.

ఆ హాల్లో ఒక పద్ధతి ఉంది. ఆట మొదలవుతూనే గ్యాలరీ అంతా లేచి నిలబడుతుంది. మన జట్టు మొదటి బాస్కెట్ వేసేదాకా ఎవరూ కూర్చోరు. ముసలివాళ్ళూ కూర్చోరు, చంకలో పిల్లలున్నవాళ్ళూ కూర్చోరు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ఎక్కడా రాసి లేదు. బంతి రింగులోంచి జారగానే అందరూ ఒక్కసారి కూలబడతారు. ఆ చప్పుడు బయట రోడ్డు మీదికి వినిపిస్తుంది.

పోయినేడాది ఆ నిలబడటం ఒక లెక్కలోది కాదు. పిచ్చుక బంతి అందుకుని, గీత దగ్గర ఆగి, ఛాతీ మీంచి రెండు చేతులతో తోసేసేది. లేచినవాళ్ళు లేచినట్టే కూర్చునేవాళ్ళు. ఈ ఏడాది ఆ పిల్ల బెంచీ ఎక్కాక నిలబడితే నిలబడటమే. అటు బాస్కెట్లు పడుతుంటాయి, ఇటు పడవు. పొద్దంతా నేల మీద మోకాళ్ళూని పని చేసే మనిషికి ఆ నిలబడటం చిన్న విషయం కాదు. కుడి మోకాలు ఉబ్బుతోంది.

ఆమె పక్కన ఎప్పుడూ తోడికోడలు ఉంటుంది. ఆవిడ నర్సు. ఆటంటే అంతంతమాత్రమే, అక్క మోకాలి కోసం వస్తుంది.

“అక్కా, ఆ గోడకి ఆనుకోకూడదూ?”

“ఆనుకుంటే నిలబడినట్టా?”

“నీ మోకాలికి ఆ తేడా తెలీదే.”

“నాకు తెలుసు. దానికి తెలియక్కర్లేదు.”

మరో ఓటమి తర్వాత ఆమె ఇక ఊరుకోలేకపోయింది. హాలు బయట వరండాలో కోచ్‌కి అడ్డంగా నిలబడింది. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. జేబు మీద సుద్దముక్క అచ్చు ఎప్పుడూ తెల్లగా కనబడుతుంది.

“మాస్టారూ, పిచ్చుక ఏం పాపం చేసింది?”

ఆయన ఆగాడు. “ఏం చేయలేదమ్మా.”

“మరి శిక్షెందుకు?”

“శిక్ష కాదు. అది నాకూ ఆ అమ్మాయికీ మధ్య విషయం. మాకు వదిలేయండి.” వెళ్ళబోయి వెనక్కి తిరిగాడు. “మీరు కుర్చీ కుడుతుంటే నేనొచ్చి మేకు ఎక్కడ కొట్టాలో చెబితే మీకెలా ఉంటుంది?”

“చెప్పి చూడండి. కుర్చీ విరిగిపోతుంటే ఎవరు చెప్పినా వింటాను. మీది విరిగిపోతోంది మాస్టారూ, మీకు వినబడటం లేదు.”

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. తలూపి వెళ్ళిపోయాడు. ఆ తలూపడమే ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కించింది. తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ప్రకటించింది. “వచ్చే ఆటకి నేను నిలబడను.”

భర్త ముద్ద చేతిలో ఆపాడు. “మోకాలు నొప్పిగా ఉందా?”

“మోకాలు కాదు. ఒళ్ళు మండుతోంది. పిచ్చుకని ఆటలోకి దింపేదాకా నేను లేవను.”

“మంచిదే. కాలికి కాస్త విశ్రాంతి.”

“మీకు ఒక్కనాటికీ నా కోపం అర్థం కాదు కదా!”

అన్నట్టే చేసింది. ఆ ఆట రోజున హాలంతా లేచింది. పిచ్చుక ఎప్పటిలా బెంచీ మీదుంది. మేకులమ్మ కూర్చుంది. ఊరందరికీ కుర్చీలు కుట్టిన మనిషికి, కూర్చోవడం ఇంత కష్టమవుతుందని ఆ క్షణం దాకా తెలియదు. చుట్టూ నడుములూ మోచేతులూ తప్ప ఏమీ కనబడలేదు.

“అక్కా, కళ్ళు తిరుగుతున్నాయా?” తోడికోడలు నాడి పట్టుకుంది.

“వదులు. నేను అలిగాను.”

“ఎవరి మీద?”

“ఆ నిలువు గీత మీద.” కోచ్ వైపు గడ్డం చూపించింది. “పిచ్చుక వస్తేనే లేస్తాను.”

ముందు వరసలో ఒకడు వెనక్కి తిరిగి విన్నాడు. “మేకులమ్మ కూర్చుందిరా!” అన్నాడు. పక్కవాడు కూర్చున్నాడు. ఆ వరస కూర్చుంది. తర్వాత అటు కొసన ఒక వరస, వాళ్ళ వెనక మరొకటి. ఎవరో “పిచ్చుక! పిచ్చుక!” అని లయగా చప్పట్లు మొదలుపెట్టారు. కాసేపటికి గ్యాలరీలో నిలబడినవాళ్ళు లేరు. ఆమె గుండె పొంగింది. ఇంతమంది కడుపులో ఇదే మంట ఉందన్నమాట.

కింద అమ్మాయిలు ఆడుతూ ఆడుతూ పైకి చూశారు. కెప్టెన్ చేతిలో బంతి ఉంది. తల ఎత్తి చూసింది, ఆ చూపులోనే బంతి పోగొట్టుకుంది. ఆ తర్వాత వాళ్ళ చేతులకి ఏదీ అంటలేదు. ఆట చిత్తుగా పోయింది. బెంచీ మీద పిచ్చుక తువ్వాలు తల మీదికి లాక్కుని కూర్చుంది. మేకులమ్మకి అది సంతోషంతో వచ్చిన ఏడుపనిపించింది.

రెండు రోజుల తర్వాత పిచ్చుక దుకాణానికి వచ్చింది. మధ్యాహ్నం. మేకులమ్మ ఒక పాత సోఫా వీపుకి రెక్సిన్ బిగిస్తోంది. నోటి నిండా మేకులు, చేతిలో రెక్సిన్ లాగి పట్టి ఉంది, వదిలితే ముడతపడుతుంది. పిల్లని చూసి కళ్ళతోనే నవ్వింది.

“ఆంటీ, మీరు నాకోసం కూర్చున్నారా?”

మేకులమ్మ గర్వంగా తలూపింది.

“నేను అడిగానా?”

సుత్తి ఆగింది.

“అడిగానా ఆంటీ? ఒక్కమాట నన్ను అడిగారా? నన్ను బెంచీ మీద కూర్చోబెట్టమని కోచ్ సార్‌ని అడిగింది నేను. నేనే. ఆ ఓడిన ఆటలో నేను వేసిన షాట్లు ఎన్ని రింగు దాకా వెళ్ళాయో చూశారా? అన్నీ మధ్యలోనే కొట్టేశారు. నేనేమో పొట్టి. ఛాతీ మీంచి తోస్తాను. పోయినేడాది ఎవరికీ తెలీదు, చెల్లింది. ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది. పొడుగు పిల్లని నా ముందు నిలబెడితే అయిపోయింది. అందుకే షాట్ మార్చుకుంటున్నాను. ఒంటిచేత్తో, తల మీంచి. సార్ రోజూ పొద్దున్నే వచ్చి నేర్పుతున్నారు. ఇంకా కుదరలేదు. కుదిరేదాకా నన్ను దింపొద్దని నేనే బతిమాలుకున్నాను. జట్టు ఓడుతుంటే ఆయన తిట్లు తింటున్నారు గానీ ఎవరికీ చెప్పలేదు. చెబితే అవతలి జట్లకి తెలిసిపోతుందని.”

పిల్ల ఊపిరి తీసుకుంది. మేకులమ్మ నోరు విప్పలేదు. విప్పితే మేకులు రాలతాయి.

“మీరు పోయినేడాది ఆటే చూస్తున్నారు ఆంటీ, ఇప్పటికీ. సరే, మీరే గెలిచారు. గ్యాలరీ అంతా అలిగి కూర్చుంటే కాలేజీ పరువేం కావాలని ప్రిన్సిపాల్ మా కోచ్ సార్‌ని పిలిచి కూకలేశారట. శనివారం మొదటి ఐదుగురిలో నేనున్నాను. రాని షాట్‌తో. ఆ రోజు నేను నవ్వులపాలైతే ఇంక నన్ను ఎవరూ దింపరు. ఆ మాట చెబుదామని వచ్చాను.”

మేకులమ్మ రెక్సిన్ వదిలేసింది. అది ముడతపడింది. మేకులు మూతలోకి కాదు, నేల మీదికి ఉమ్మింది.

“ప్రిన్సిపాల్ కూకలేస్తే? ఈయన సరేనన్నాడా?”

“అన్నారు.”

“ఎలా అంటాడు? ఇన్నాళ్ళూ ఎవరికీ తలొంచని మనిషి ఇప్పుడెందుకు వంచాడు? నా మాట వినడానికి ఆయనకేం పట్టింది?”

లోపలినుంచి భర్త గొంతు వినబడింది. “నువ్వే కదా వినమన్నావు.”

“మీరు స్పాంజి కోయండి!”

పిల్ల అప్పటికే మెట్లు దిగిపోయింది.

చేతులైనా కడుక్కోకుండా కాలేజీకి వెళ్ళింది మేకులమ్మ. స్టాఫ్‌రూములో కోచ్ ఒక్కడే పరీక్ష కాగితాలు దిద్దుకుంటున్నాడు. ఆమెని చూసి కుర్చీ జరిపాడు.

“కూర్చోనులెండి. కూర్చుని చేసిన నిర్వాకం చాలు,” అంది. “మాస్టారూ, ఎవరో సోఫాలు కుట్టే ఆవిడ కూర్చుందని మీరు జట్టు మార్చేస్తారా?”

ఆయన పెన్ను మూత పెట్టాడు. “ఆ ఎవరో మీరే కదమ్మా.”

“నేనే. నేను అరుస్తాను. అరవడం నా పని. వినకపోవడం మీ పని. నా పని నేను చేశాను, మీ పని మీరెందుకు మానేశారు?”

“ప్రిన్సిపాల్ గారికి ఒకసారి కాదనే చెప్పాను.”

“ఇంకోసారి చెప్పకపోయారా?”

“నాకే అనుమానమొచ్చింది. అంతమంది కూర్చున్నారంటే తప్పు నాదేనేమో అనిపించింది.”

“అంతమంది కాదు. నేనొక్కదాన్ని. మిగతావాళ్ళు నన్ను చూసి కూర్చున్నారు. నేనేమో ఏమీ చూడకుండా కూర్చున్నాను.”

ఆమె గొంతులో కోపం తగ్గలేదు. ఎవరి మీద పెట్టాలో తెలియక ఆ గదంతా నిండింది.

“ఇప్పుడు తీసేయండి ఆ పిల్లని.”

“తీసేస్తే ఎవరూ ఊరుకోరు. ఆ గొడవంతా మళ్ళీ తన నెత్తికే చుట్టుకుంటుంది. దిగనివ్వండి. షాట్ దగ్గరికొచ్చింది. కొద్దిలో ఉంది.” అని మళ్ళీ కాగితం తీసుకున్నాడు. “ఆ కొద్దే కష్టం.”

శనివారం హాలు కిక్కిరిసింది. మేకులమ్మ మెట్లెక్కుతుంటే జనం దారి ఇచ్చారు.

“సాధించావు మేకులమ్మా!”

“ఏం సాధించాను, నా తలకాయ.”

“మన దెబ్బకి దిగొచ్చాడు!”

“దిగొచ్చిందే తప్పు! నోరు మూసుకుని ఆట చూడండి.”

వాళ్ళకది వేళాకోళమనిపించి ఇంకా నవ్వారు. షాట్ సంగతి చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. అవతలి కాలేజీ వాళ్ళు పై వరసల్లోనే ఉన్నారు. నోరు మూసుకుంది.

ఆట మొదలైంది. అందరూ నిలబడ్డారు. పిచ్చుకకి బంతి రాగానే “వెయ్యి! వెయ్యి!” అని హాలంతా ఒక్క గొంతు. పిల్ల వేయలేదు, పక్కకి అందించింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ అందించింది. జనం గొణిగారు. మూడోసారి బంతి తల మీదికెత్తి ఒంటిచేత్తో వేసింది. అది రింగుకి చేరకుండానే వాలిపోయింది. తర్వాతది బోర్డు అంచుకి తగిలి ఎటో పోయింది. అవతలి వాళ్ళు వేస్తూనే ఉన్నారు. మన బాస్కెట్ ఒక్కటీ పడలేదు.

“ఇదేం షాట్? దీనికి ఏమైంది?” అన్నాడు వెనకాయన.

“ఈ పిల్ల కోసమా మనం అలిగింది?” అన్నాడు ఇంకొకడు. కుర్చీ చప్పుడైంది. కూర్చున్నాడు.

మేకులమ్మ గిర్రున తిరిగింది. “లెండి! ఇంకా మన బాస్కెట్ పడలేదు!”

“పడదు కూడా. నువ్వేగా కూర్చోవడం నేర్పావు?”

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. కుడి మోకాలు వణికింది. తోడికోడలు భుజం కిందికి చెయ్యి వేసింది.

“అక్కా, నీకిక శక్తి లేదు. కూర్చో.”

“చస్తే కూర్చోను.”

“చస్తే ఎలాగూ కూర్చోలేవులే. నా మీద బరువెయ్యి.”

వేసింది. వరసలు ఒకటొకటిగా కూర్చుంటున్నాయి. కింద కోచ్ బెంచీ వైపు తిరిగాడు. ఇంకో అమ్మాయి చొక్కా సర్దుకుని సిద్ధంగా ఉంది. ఆయన ఆమెని చూశాడు, పిచ్చుకని చూశాడు, ఆ అమ్మాయికి కూర్చోమని సైగ చేశాడు.

“ఇంకా ఉంచుతాడేంటి దాన్ని? బయటికి పంపించు!” అని ఎవరో అరిచారు. పోయిన ఆటలో లయగా చప్పట్లు కొట్టిన గొంతే అది. మేకులమ్మ గుర్తుపట్టింది. పళ్ళు నూరింది.

బంతి పిచ్చుక చేతికొచ్చింది. ఎదురుగా ఆమె కంటే జానెడు పొడుగున్న పిల్ల చేతులు చాచి నిలబడింది.

“పోయినేడాదిలా వెయ్యవే!” అని హాలు అరిచింది.

“వద్దు!” మేకులమ్మ గొంతు చీరుకుపోయింది. ఇక ఎవరికి తెలిస్తే ఏం? ఆ పిల్ల ఇందాకటినుంచి అందరి ముందూ అదే చేస్తోంది. “పైనుంచే వెయ్యి! పైనుంచే!”

పిచ్చుకకి వినబడిందో లేదో తెలియదు. బంతిని తల మీదికెత్తింది. పొడుగు పిల్ల ఎగిరింది. ఆ పది వేళ్ళ మీంచి, దేనికీ తగలకుండా, బంతి దాటిపోయింది. ఆ మొదటి ఓటమి తర్వాత అలా దాటడం అదే మొదలు. రింగుకి కొట్టుకుంది, అంచు మీద తిరిగింది, బయటికి పడింది.

హాలంతా ఉసూరుమంది. మిగిలిన వరస కూడా కూర్చుంది. పిచ్చుక తన చేతివైపు ఒకసారి చూసుకుని, వెనక్కి పరుగెత్తింది. ఆ పరుగులో ఇందాకటి బెదురు లేదు. అది గ్యాలరీలో ఎవరూ చూడలేదు. వాళ్ళు స్కోరు చూస్తున్నారు.

“చూశారా?” అంది మేకులమ్మ. “తాకలేకపోయింది. చూశారా మీరు?”

“ఏం చూడాలి, పడలేదుగా?” వెనకాయన విసుక్కున్నాడు. “కూర్చోవమ్మా, నువ్వు అడ్డం. నాకేమీ కనబడటం లేదు.”

మేకులమ్మ వెనక్కి తిరగలేదు.

“కనబడకపోతే లేచి నిలబడండి,” అంది.